ఎర్రజీరలు

నిద్రలేచాక కళ్లు తెరవడం కూడా ఒక పనేనని మనలో చాలామందికి తెలియదు. మెలకువ వస్తుంది, కళ్లు తెరుచుకుంటాయి, అంతే. ఆమెకి అలా కుదరదు. మెలకువ వచ్చాక కూడా రెప్పలు మూసుకునే పడుకుని, "అత్తయ్యా!" అని కేకేయాలి. తొందరపడి ఒక్కసారిగా తెరిచిందంటే, రాత్రంతా తడిలేక కంటికి అతుక్కుపోయిన రెప్ప, కంటి పైపొరని కాస్త చీల్చుకునే లేస్తుంది. ఆ ముచ్చట ఇప్పటికి రెండుసార్లు తీరింది. మూడోసారి తీరకుండా చూసుకోమని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది.

కేక వినగానే అత్తగారు వేణ్ణీళ్ల గిన్నె, మెత్తటి గుడ్డ పట్టుకుని వచ్చేస్తుంది. ప్రసూతి ఆసుపత్రిలో ముప్ఫై ఏళ్లు ఆయాగా చేసి రిటైరైన మనిషి ఆవిడ. చేతులు వెన్న, నోరు మాత్రం ఆసుపత్రి గంట. గుడ్డని గట్టిగా పిండి, వేడి తన బుగ్గ మీద చూసుకుని, అప్పుడు కోడలి కళ్ల మీద వేస్తుంది.

"ఏమంటోంది మన కుక్క ఇవాళ?"

"కరుస్తోంది అత్తయ్యా. వేళ్లని కాస్త, కళ్లని ఎక్కువ."

కుక్క సంగతి డాక్టరమ్మ చెప్పిందే. పన్నెండేళ్ల కిందట కీళ్లజబ్బు పట్టుకుంది. వేళ్లు, మణికట్లు, మోకాళ్లు వాచిపోయేవి. మందులతో అవి కాస్త దారికొచ్చాయి అనుకునేసరికి, మూడేళ్ల కిందట కళ్లు ఎండిపోవడం మొదలైంది. "ఇంటికి కాపలా కాయాల్సిన కుక్క ఇంట్లోవాళ్లనే కరుస్తోందమ్మా. ముందు కీళ్ల మీద పడింది, ఇప్పుడు కన్నీటి తిత్తుల మీద పడింది. దాన్ని తరిమెయ్యలేం. మచ్చిక చేసుకుని బతకాలి" అంది ఆవిడ, రోగాల నుంచి కాపాడాల్సిన శక్తే ఒంటి మీదకి తిరగబడిందని. ఆ మాట అత్తగారికి తెగ నచ్చేసింది. ఆ రోజు నుంచీ ఆ ఇంట్లో లేని కుక్కని రోజూ పొద్దున్నే పలకరిస్తున్నారు.

గుడ్డ మూడుసార్లు మార్చాక, రెప్పలు మెల్లగా విడిపోతాయి. వెంటనే చుక్కల మందు. ఆ మందు చిన్న చిన్న ప్లాస్టిక్ గొట్టాల్లో వస్తుంది. దిండు కింద ఒకటి, టీవీ పక్కన ఒకటి, ఉప్పు డబ్బా వెనక ఒకటి, చెప్పుల స్టాండు మీద ఒకటి. భర్త బేకరీలో పొయ్యి దగ్గర పనికి తెల్లవారకముందే వెళ్లిపోతాడు. వెళ్లేముందు అన్నిచోట్లా గొట్టాలు ఉన్నాయో లేదో తడిమి చూసి మరీ వెళ్తాడు. గంటకోసారి ఆ చుక్క పడకపోతే కళ్లలో ఇసుక పోసి, దాని మీద కారం చల్లినట్టుంటుంది. మాట వరసకి అంటున్న మాట కాదిది. మధ్యాహ్నానికి ఆమె కళ్లు నిజంగానే కారం పడ్డ కళ్లలా అయిపోతాయి.

"మాస్టారితో చెప్పావా?" అని అడిగింది అత్తగారు. ఇదీ రోజూ అడిగే ప్రశ్నే.

"చెప్తాను."

"మూడేళ్ల నుంచి చెప్తూనే ఉన్నావు. నువ్వు చెప్పకపోతే నేనే బస్సెక్కి వచ్చి చెప్తా. నా సంగతి నీకు తెలుసుగా, మెల్లగా చెప్పడం నాకు రాదు."

ఆమె నవ్వి ఊరుకుంది. కానీ నవ్వి ఊరుకునే సంగతి కాదది. ఎందుకో తెలియాలంటే ఆమె చేసే పనేంటో తెలియాలి.

ఆమె పెట్టుడు కళ్లకి రంగులు వేస్తుంది.

పెట్టుడు పళ్లు అందరూ ఎరిగినవే. పెట్టుడు కళ్ల సంగతి అవసరం పడ్డవాళ్లకి తప్ప తెలియదు. జబ్బుతోనో దెబ్బతోనో కన్ను తీసేయాల్సి వచ్చినవాళ్లు ఊళ్లో ఒక వీధి చివర రెండో అంతస్తులో ఉన్న చిన్న వర్క్‌షాపుకి వస్తారు. ముందు కంటిగుంత అచ్చు తీస్తారు. మైనంతో నమూనా చేసి, పెట్టి చూసి, అరగదీసి, మళ్లీ పెట్టి చూస్తారు. సరిపోయాక దాన్ని తెల్లటి గట్టి ప్లాస్టిక్‌లో పోత పోస్తారు. ఇదంతా వర్క్‌షాపు నడిపే మాస్టారు చూసుకుంటారు. ఆ తెల్లటి పెంకు ఆమె బల్ల మీదకి వచ్చాక అసలు పని మొదలవుతుంది. నల్లగుడ్డు అంటాం గానీ అందులో నలుపు ఎంతని? తేనెరంగు, బూడిద రంగు, అంచున ఆకుపచ్చ, ఎక్కడో ఒక పసుపు చుక్క. మనిషిని కిటికీ దగ్గర కూర్చోబెట్టుకుని, బాగున్న కన్నుని చూస్తూ, మూడు వెంట్రుకలున్న కుంచెతో అవన్నీ దించాలి. ఆ తర్వాత తెల్లగుడ్డు మీద ఎర్రజీరలు. రంగుతో కాదు, ఎర్ర పట్టుదారాన్ని పోగులు పోగులుగా విడదీసి, పట్టకారుతో ఒక్కొక్క పోగునీ అతికించాలి. పైన అద్దంలాంటి పొర పోసి, వేడినీళ్లలో ఉడికించి, మెరుగుపెడితే కన్ను తయారు.

పద్ధెనిమిదేళ్లుగా ఆమె చేస్తున్న పని ఇది. వంకరపోతున్న వేళ్లకి కూడా ఆ కుంచె పట్టుకోగానే బుద్ధొస్తుంది. తన కళ్ల సంగతి తెలిస్తే మాస్టారు ఏం చేస్తారో ఆమెకి బాగా తెలుసు. తిట్టరు. మంచిగానే, నెమ్మదిగానే, కుంచె తీసుకుని మెరుగుపెట్టే యంత్రం దగ్గర కూర్చోబెడతారు. కళ్లు బాగాలేని మనిషి చేసే కళ్లని ఎవరు పెట్టుకుంటారు? ఆ కుంచె పోతే తనలో ఇంకేం మిగులుతుందో ఆమెకి తెలియదు. జబ్బు ఒక్కటే మిగులుతుందని భయం. అందుకే వర్క్‌షాపులో మందు గొట్టం ఆమె జాకెట్లో దాక్కుని ఉంటుంది. గంటకోసారి బాత్రూమ్‌కి వెళ్లి వేసుకుని వస్తుంది. ఆమెకి మధుమేహం ఉందేమో అని మాస్టారు అనుకుంటున్నారని కూడా ఆమెకి తెలుసు. అనుకోనీ అని వదిలేసింది.

దీనికి తోడు ఫ్యాన్. మాస్టారికి ఆమె అంటే కూతురంత అభిమానం. రోజూ పొద్దున్నే, రంగుల మీదకి దుమ్ము రాకుండా, గాలి ఆమె మొహానికి మాత్రమే తగిలేలా అలమర మీదున్న చిన్న ఫ్యాన్‌ని తనే స్వయంగా తిప్పి పెడతారు. "చెమట పట్టకూడదమ్మా, చేతికి చల్లగా ఉండాలి" అంటారు. ఎండిపోయే కళ్లకి ఎదురుగాలి ఎంత చేటో ఆయనకేం తెలుసు? ఆమె "థాంక్స్ మాస్టారూ" అంటుంది. ఏం మనిషో!

ఆ వారం వచ్చిన మనిషి ఒక సెలూన్ ఆయన. అరవై ఏళ్లుంటాయి. కంటి లోపల గడ్డ పెరిగిందని రెండు నెలల కిందట ఎడమకన్ను తీసేశారు. నోరు విప్పితే ఆగే మనిషి కాదు. నలభై ఏళ్లుగా జనాల తలలు పట్టుకుని కబుర్లు చెప్పిన అలవాటాయె.

"షాపు మూసి రెండు నెలలైందమ్మా. బయట 'మరమ్మతులు జరుగుతున్నవి' అని బోర్డు పెట్టాను. అబద్ధం కాదుగా? మరమ్మతు నాకే అని రాయలేదు, అంతే."

"కదలకండి."

"కదల్లేదమ్మా. నోరొక్కటే కదిలింది. సోమవారం షాపు తెరవాలి. ఎవరికీ చెప్పలేదు. ఒంటికన్నువాడు మెడ మీద కత్తి పెడతానంటే ఎవడు కూర్చుంటాడు చెప్పండి? మీ చేతిలో ఉంది నా బతుకు. ఎవడికీ తెలియకూడదు. ఇది పెట్టుడు కన్నని నాకు తెలియాలి, మీకు తెలియాలి, ఆ దేవుడికి తెలియాలి."

ఆమె కుంచె ఒక్క క్షణం ఆగింది. ఎవరికీ తెలియకూడదు అన్న మాట ఎంత బరువో తూకం వేసి చెప్పగల మనిషి అక్కడ ఆమె ఒక్కతే. తేనెరంగులో మరికాస్త గోధుమ కలుపుకుంది.

గురువారం పొద్దున్న మొదలుపెట్టిన నల్లగుడ్డు మధ్యాహ్నానికి చక్కగా కుదిరింది. ఇక జీరలు. ఆ వర్క్‌షాపులో ఒక పద్ధతి ఉంది. జీరలు వేసేముందు మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని, బాగున్న కంట్లో ఎన్ని జీరలున్నాయి, ఎక్కడ చీలాయి, ఎటు వంగాయి అని నోటుబుక్కులో బొమ్మ గీసుకోవాలి. అరగంట పని. మాస్టారు పెట్టిన నియమాల్లో ఇది అన్నిటికన్నా పెద్దది. "కళ్ల రంగులు కలుస్తాయమ్మా, జీరలు కలవవు" అంటారు ఆయన.

అప్పటికి ఆమె మూడుసార్లు బాత్రూమ్‌కి వెళ్లొచ్చింది. నాలుగోసారి వెళ్తే ఆ సెలూన్ ఆయన ఏమనుకుంటాడో అని బెరుకు. కళ్లు మండిపోతున్నాయి. ఎదురుగా ఫ్యాన్. ఆయన కన్ను నీళ్లలో ఉన్నట్టు మసగ్గా కదులుతోంది. రెప్ప వేస్తే గరగర, వెయ్యకపోతే మంట.

"బొమ్మ రేపు గీసుకోవచ్చా అమ్మా? నాకు బస్సుంది" అన్నాడు ఆయన పాపం, ఏమీ తెలియక.

రేపటికి కన్ను అయిపోవాలి. గీసుకోవాలి, ఇప్పుడే గీసుకోవాలి అని ఆమెకి తెలుసు. కానీ "పర్లేదు, నాకు గుర్తుంది, వెళ్లండి" అని తన నోరే అనేసింది. ఆయన మెట్లు దిగుతున్న చప్పుడు ఆగిందో లేదో, మాస్టారు లోపల పోత పని మీద ఉన్నది చూసుకుని, మందు గొట్టం తీసి, బల్ల మీదున్న గుండ్రటి అద్దంలో చూసుకుంటూ రెండు కళ్లలోనూ చుక్కలు వేసుకుంది. హమ్మయ్య అనిపించింది. చల్లగా అనిపించింది. అద్దంలో తన కన్ను దగ్గరగా, పెద్దగా, ఎర్రగా కనిపించింది. కళ్లు తేటపడ్డ ఆ సంతోషంలో పట్టకారు తీసుకుని, సాయంత్రం వరకు వంచిన తల ఎత్తకుండా జీరలు అతికించింది. గుర్తున్నట్టే అనిపించింది. చెయ్యి కూడా ఎక్కడా తడుముకోలేదు. పొద్దుపోయేదాకా ఉండి, పైపొర కూడా తనే పోసి, ఉడికించి, మెరుగుపెట్టి మరీ ఇంటికి వెళ్లింది.

శుక్రవారం పొద్దున్న సెలూన్ ఆయన కొత్త చొక్కా వేసుకుని వచ్చాడు. ఆమె కన్నుని కడిగి, పై రెప్ప ఎత్తి లోపలికి జార్చి, కింది రెప్ప సర్దింది. చక్కగా కూర్చుంది. నల్లగుడ్డు రంగు చూసి తనకే ముచ్చటేసింది. ఆయన చేతికి అద్దం ఇచ్చింది.

రెండు రోజుల్లో మొదటిసారి ఆయన నోరు మూతపడింది.

"బాగుందమ్మా" అన్నాడు చివరికి. ఆ మాటలో బాగున్నదేమీ లేదు. అద్దాన్ని దగ్గరగా, దూరంగా పెట్టి చూసుకున్నాడు. "బాగుంది గానీ... కుడివైపు నేను ఉన్నాను. ఎడమవైపు ఎవడో రాత్రంతా నిద్రలేకుండా ఏడ్చి వచ్చినట్టున్నాడు."

మాస్టారు లేచి వచ్చారు. భూతద్దం పెట్టి చూశారు. బాగున్న కంట్లో లెక్కపెడితే నాలుగు జీరలు. పెట్టుడు కంట్లో పదకొండు.

"నోటుబుక్కు చూపించమ్మా."

నోటుబుక్కులో ఆ పేజీ ఖాళీగా ఉంది. మాస్టారు కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది అనిపించింది ఆమెకి.

"ఎవరి కన్ను చూసి వేశావమ్మా ఇవి?"

"గుర్తుందనుకున్నాను మాస్టారూ. రాత్రి సరిగ్గా నిద్రపట్టక..."

అబద్ధం సగంలో ఉండగానే సెలూన్ ఆయన ఆమె మొహంలోకి చూశాడు. నలభై ఏళ్లు మనుషుల మొహాలని జానెడు దూరంలో చూసిన మనిషి. చూసి, అద్దంలో చూసుకుని, మళ్లీ ఆమెని చూశాడు.

"ముక్కు పక్కన రెండుగా చీలిన జీర, దాని కింద కొక్కెంలా వంగింది ఒకటి... అరే! ఇది అమ్మగారి కన్నే! అచ్చు గుద్దినట్టు..." అని, వాళ్లిద్దరి మొహాలూ చూసి, నాలుక కరుచుకున్నాడు.

మాస్టారు భూతద్దం దించకుండానే ఆమె వైపు తిరిగారు. రోజూ చూసే మొహమే. అయినా మూడేళ్లలో ఆయన ఆమె కళ్లని చూడటం అదే మొదటిసారి. కళ్లు చెయ్యడమే పనిగా పెట్టుకున్న మనిషికి పక్కనున్న కళ్లు కనపడలేదు.

"ఏమైందమ్మా నీ కళ్లకి?"

ఆమె స్టూలు మీద కూర్చుండిపోయింది. ఇక దాచడానికి చోటు లేదు. కీళ్లజబ్బు సంగతి ఆయనకి తెలుసు కాబట్టి అక్కడి నుంచి మొదలుపెట్టి, తడి ఎండిపోవడం, పొద్దున్నే గుడ్డ, గంటకో చుక్క, బాత్రూమ్ ప్రయాణాలు, అన్నీ చెప్పేసింది. చెప్తున్నంతసేపూ జాకెట్లోంచి తీసిన ఆ చిన్న గొట్టాన్ని వేళ్ల మధ్య తిప్పుతూనే ఉంది.

"మూడేళ్లా?" అన్నారు మాస్టారు.

"మూడేళ్లు."

"నువ్వు మాటిమాటికీ వెళ్తుంటే నేను చక్కెర జబ్బు అనుకుని టీలో చక్కెర తగ్గించానే!"

మరో రోజైతే ఆమె నవ్వేది. "గాలి తగిలితే మరీ ఎక్కువ మాస్టారూ" అంది తల దించుకుని.

ఆయన నెమ్మదిగా అలమర వైపు చూశారు. ఫ్యాన్ తన మానాన తను తిరుగుతోంది. ఆమె జుట్టు చెదురుతోంది. ఆయన వెళ్లి ఫ్యాన్ ఆపేశారు. రెక్కలు పూర్తిగా ఆగేదాకా అక్కడే నిలబడ్డారు. వెనక్కి తిరిగినప్పుడు ఆయన మొహంలో రక్తం లేదు.

"రోజూ నేనే కదమ్మా తిప్పి పెట్టింది. నా చేతుల్తో నేనే..." ఆగిన ఫ్యాన్ వైపు చెయ్యి చూపించారు. "ఒక్కసారి వద్దనొచ్చుగా. వద్దు మాస్టారూ అని ఒక్క మాట."

ఆమె తన ఒంటికి తను చేసుకున్నది ఒక ఎత్తు. ఈ పెద్దమనిషి ప్రేమని తీసుకొచ్చి రోజూ తన కళ్లలో మంటగా మార్చుకున్నది ఒక ఎత్తు. రెండోదానికి ఆమెకి సిగ్గేసింది.

మాస్టారు బల్ల దగ్గరికి వచ్చి కుంచెలు, పట్టకారు ఒక్కొక్కటే తీసి పెట్టెలో పెట్టసాగారు. ఆమె భయపడిందే జరుగుతోంది. "ఇక నువ్వు కళ్లు అలవనియ్యొద్దమ్మా. మెరుగుపెట్టే పని చూసుకో, అక్కడ అంత చూపు అక్కర్లేదు. ఈయన కన్ను నేను సరిచేస్తాను. నువ్వు రాకముందు నేనే వేసేవాణ్నిగా, ఎలాగో వేస్తాను. ఏమీ అనుకోకు. నీ మంచికే చెప్తున్నా."

నీ మంచికే. మూడేళ్లు ఆమె ఏ మాటకి భయపడి నోరు కట్టేసుకుందో ఆ మాట వచ్చేసింది. వచ్చేశాక చూస్తే, ఇంక భయపడటానికి ఏమీ మిగల్లేదు. ఆమె లేచి నిలబడి పెట్టె మీద చెయ్యి పెట్టింది.

"నాకు చూపు పోలేదు మాస్టారూ. తడి పోయింది."

ఆయన చేతులు ఆగాయి.

"తడికి మందుంది. ఇదిగో, ఈ గొట్టంలో ఉంది. అది బల్ల మీద అందరికీ కనపడేలా పెట్టుకోవాలి. పది నిమిషాలకోసారి ఒక నిమిషం కళ్లు మూసుకోవాలి. గాలి వద్దు. నాకు కావలసింది ఇంతే. ఇంత అడగలేక, అడిగితే కుంచె పోతుందని భయపడి, ఈయన కన్ను పాడుచేశాను. తప్పు నాదే. నా కళ్లది మాత్రం కాదు." ఆమె గొట్టాన్ని బల్ల మీద పెట్టేసింది. "డాక్టర్ని అడగండి. చూపు పరీక్ష పెట్టించండి. కానీ నా మంచికని నా పని తీసుకోకండి."

వీధిలో ఏదో బండి హారన్ కొట్టుకుంటూ పోయింది.

"ఆ కన్ను అమ్మగారే చెయ్యాలి" అన్నాడు సెలూన్ ఆయన కుర్చీలోంచి.

మాస్టారు ఆయన వైపు తిరిగారు. "ఇంత విన్నాక కూడా మీకు భయం లేదా?"

"ఎందుకుండదండీ? బోలెడుంది. సోమవారం నా కుర్చీలో కూర్చునేవాడికి ఎంత ఉంటుందో అంత ఉంది." ఆయన చేతులు నలుపుకున్నాడు. "ఒంటికన్నుతో గడ్డం చెయ్యగలనని నాకు తెలుసు. వాడికి తెలియదు. ఎండిన కళ్లతో కన్ను చెయ్యగలనని ఈవిడకి తెలుసు. నాకు తెలియదు. నేనే ఈ కుర్చీలోంచి లేచిపోతే, రేపు వాణ్ని ఏ మొహం పెట్టుకుని కూర్చోమంటాను?"

మాస్టారు పెట్టెలోంచి పట్టకారు బయటికి తీసి ఆమె చేతిలో పెట్టారు. "నెలకోసారి డాక్టర్ కాయితం నాకు చూపించాలి. దాస్తే మాత్రం ఊరుకోను" అన్నారు. మళ్లీ తనే, "బొమ్మ గీసుకో ముందు. గీసుకోకపోతే అసలు ఊరుకోను" అన్నారు. గొంతు మామూలు మాస్టారి గొంతైపోయింది.

పైపొరని, దాని కింద పదకొండు దారాలని, నల్లగుడ్డుకి తగలకుండా అరగదీయడానికే గంట పట్టింది. తర్వాత ఇద్దరూ కిటికీ దగ్గర ఎదురెదురుగా కూర్చున్నారు. మందు గొట్టం బల్ల మధ్యలో, అందరి ఎదురుగా. మాస్టారు తన చేతి గడియారం విప్పి బల్ల మీద పెడదామనుకునేలోపే, "టైము నాకొదిలెయ్యండి, ఎవడి జుట్టుకి రంగు ఎంతసేపుంచాలో గడియారం చూడకుండా చెప్తాను" అన్నాడు సెలూన్ ఆయన.

అన్నట్టే చేశాడు. ఆమె గీస్తూ గీస్తూ ఒళ్లు మరిచిపోయే సమయానికి సరిగ్గా, "మూసుకోండమ్మా" అనేవాడు. ఆమె కళ్లు మూసుకునేది. మొదటిసారి ఒక కన్ను కొంచెం తెరిచి చూస్తే, ఆయన కూడా తన కన్ను బుద్ధిగా మూసుకుని కూర్చుని ఉన్నాడు.

"మీరెందుకు మూసుకోవడం?"

"మీరు చూడనప్పుడు నాకిక్కడ చూసేందుకేముంది? పైగా నా కన్నూ పొద్దున్నుంచి డ్యూటీలోనే ఉంది. ఉన్నది ఒక్కటే, దానికి సెలవు ఇచ్చేవాడు లేడు."

ఆమెకి నవ్వొచ్చింది. కళ్లు మూసుకుని పని మధ్యలో నవ్వడం ఆ పద్ధెనిమిదేళ్లలో అదే మొదలు. బాత్రూమ్‌లో తలుపు గడియ వేసుకుని, ఎవరైనా తడతారేమో అని హడావుడిగా వేసుకున్న చుక్కలకీ, ఇక్కడ కిటికీ వెలుగులో నింపాదిగా వేసుకున్న చుక్కలకీ చాలా తేడా ఉంది. మందు అదే. అయినా ఇది పనిచేసినంత బాగా అది ఎప్పుడూ పనిచెయ్యలేదు.

నాలుగు జీరలు. ఒకటి సన్నగా, నల్లగుడ్డు దాకా రాకుండానే ఆగిపోయేది. రెండు పక్కపక్కన నడిచేవి. ఒకటి బయటి మూల నుంచి వంపు తిరిగి వచ్చేది. నాలుగో పోగు అతికించేసరికి పన్నెండు దాటింది. మాస్టారు భూతద్దంతో చూసి, నోటుబుక్కు చూసి, మళ్లీ చూసి, ఏమీ అనకుండా పైపొర పోయడానికి తీసుకెళ్లారు. ఏమీ అనలేదంటే బాగుందని అర్థం.

ఉడికి, చల్లారి, మెరుగుపడి వచ్చేసరికి నాలుగైంది. అందాకా సెలూన్ ఆయన ఎక్కడికీ పోలేదు. ఆమె కన్ను పెట్టి, రెప్పలు సర్ది, అద్దం చేతికిచ్చి, పక్కకి తప్పుకుంది.

ఆయన చూసుకున్నాడు. తల అటు తిప్పి, ఇటు తిప్పి చూసుకున్నాడు. ఎదుటి మనుషులని అద్దంలో చూపించి "ఎలా ఉంది సార్?" అని అడగడమే గానీ, అద్దంలో తనని తను ఇంతసేపు చూసుకోవడం ఆయనకి అలవాటు లేదు. అద్దంలో రెండు నెలల కిందటి మనిషి కూర్చుని ఉన్నాడు.

"ఎలా ఉంది?" అని ఆమే అడిగింది.

ఆయన కుడికంట్లో నీళ్లు నిండి బుగ్గ మీదకి జారాయి. మరుక్షణం ఎడమకంట్లోంచి కూడా జారాయి. ఆయన ఉలిక్కిపడ్డాడు.

"అమ్మా! కారుతోంది! కన్ను పాడైందా?"

"లేదు, లేదు. అది కన్ను పని కాదు. కన్ను తీసినా కన్నీటి తిత్తి పైన అలాగే ఉంటుంది. అవి మీ కన్నీళ్లే."

"లేని కన్ను కూడా ఏడుస్తుందా?" ఆయన ఆశ్చర్యంగా బుగ్గ తడుముకున్నాడు.

"ఏడుస్తుంది. ఏడవనివ్వండి. తడి ఉంటే ఆ కన్నుకి మంచిది, మెరుపు పోదు."

ఆ మాట పని తెలిసిన మనిషిగా, రోజూ అందరికీ చెప్పే జాగ్రత్తలాగే చెప్పింది. చెప్పేసి కుంచెలు కడగడానికి అటు తిరిగింది. కానీ మళ్లీ ఆయన వైపే తిరిగి చూసింది. ప్లాస్టిక్ కన్ను మీద తడి మిలమిలా మెరుస్తోంది. తన చేత్తో తను చేసిన కన్ను. ఇంకా తనదే అయిన పని. గడ్డం వణికింది, పెదాలు వంకర తిరిగాయి, గుండెల్లోంచి ఏదో పొంగుకొచ్చి కళ్ల వెనక్కి వచ్చి ఆగింది. కళ్లు భగ్గుమన్నాయి. ఒక్క చుక్క రాలేదు. మూడేళ్లుగా ఎన్నిసార్లు ఏడ్చినా రాలేదు, అందుకని ఆమె ఏడ్చినట్టు ఇంతవరకూ ఎవరికీ తెలియదు. ఇప్పుడూ తెలియదులే అనుకుని, మొహం తిప్పుకోకుండా అలాగే నిలబడింది.

సెలూన్ ఆయన అద్దం కిందపెట్టాడు. జేబులోంచి ఇస్త్రీ మడత నలగని తెల్ల రుమాలు తీశాడు. రెండు బుగ్గలూ తడిసి గడ్డం మీద నుంచి చొక్కా మీదకి కారుతున్నాయి. అయినా రుమాలు తన మొహం దాకా తీసుకెళ్లలేదు. చెయ్యి చాపి ఆమెకి అందించాడు.

"ముందు మీరు తుడుచుకోండమ్మా" అన్నాడు.

ఆమె ఆ రుమాలు తీసుకుని కళ్లకి అద్దుకుంది.